గుర్రం కట్టని కారు

మా వదిన పోయింది. బుధవారం పొద్దున నేను మదనపల్లెలో నా స్పేర్ పార్టుల అంగడి షట్టరు సగం ఎత్తి ఉండగా పుంగనూరు నుంచి మా అన్న కూతురు ఫోన్ చేసింది. "చిన్నాయనా, అమ్మ లేయలేదు" అంది. రాత్రి ఇంత సంగటి తిని, ప్రార్థన చేసుకుని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. నొప్పి లేదు, ఆసుపత్రి లేదు, ఎవరిచేతా ఒక గ్లాసు నీళ్ళు తాగించుకోలేదు. షట్టరు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఏడుపు వచ్చింది. దాని వెనకే ఇంకో మాట కూడా వచ్చింది, దాచుకోను. చావులో కూడా ఈమెదే పైచేయి అయ్యిందే అనుకున్నాను. మా అన్న నెలల తరబడి మంచాన పడి, ఒంట్లో ఏమీ మిగలకుండా పోయాడు. నాకెలా రాసిపెట్టి ఉందో దేవుడికే తెలుసు.

ఇది చదివి మీరు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోండి. పోయినవాళ్ళను గోడ మీద పటంలా బిగించి దండ వేసే రాతలు నాకు చేతకావు. ఆమెను చూసి నేను కుళ్ళుకున్నాను. పెళ్ళై మా ఇంటికొచ్చిన ఏడాది మొదలు మొన్న బుధవారం దాకా కుళ్ళుకున్నాను. ఆమెను తలుచుకోవాలంటే నాకున్న దారి అదొక్కటే. ఆ దారినే పోతాను.

మా వదిన మదనపల్లెలో మిషన్ బడిలో లెక్కల టీచరు. పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేది. అంగడి పెట్టిన కొత్తలో నేనూ అదే బస్సు. ఆమె మెట్టెక్కగానే "రాండి టీచరమ్మా" అని ఎవరో ఒకరు లేచి సీటిచ్చేవాళ్ళు. వెనకే నిలబడిన నేను ఎవరికీ కనబడేవాణ్ణి కాదు. ఆమె కూర్చుని, నా చేతిలో సంచీ లాక్కుని ఒళ్ళో పెట్టుకునేది. అదొక మంచితనం, పుండు మీద కారం చల్లినట్టు. బస్సు దిగేలోపల ఆమె పక్కన కూర్చున్నావిడ కాపురం కథంతా ఆమెకు చెప్పేసి కళ్ళు తుడుచుకుంటూ ఉండేది. నాకు మాత్రం కండక్టరు చిల్లర కూడా సరిగ్గా ఇచ్చేవాడు కాదు.

ఆమె తరగతిలో పిల్లలెవరూ రబ్బరు వాడకూడదు. తప్పు లెక్కను ఒక్క గీతతో కొట్టేసి, పక్కనే మళ్ళీ చేయాలి. "తుడిపేస్తే యాడ తప్పినావో నాకెట్ల తెలుస్తాది, నీకెట్ల తెలుస్తాది?" అని అడిగేది. నా కూతురికి కూడా ఆమె దగ్గరే లెక్కలు వచ్చాయి. అంతకుముందు నేను నేర్పడానికి కూర్చుంటే ఆ పిల్ల పెన్సిలు కొరుక్కుంటూ గోడ కేసి చూసేది. పెద్దమ్మ దగ్గరికి పోయి వచ్చాక నన్నే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది.

సమాధుల తోటలో జనం చూడాల్సింది. తెల్లజుట్టు వాళ్ళు, బట్టతల వాళ్ళు, "మేము టీచరమ్మ పిల్లలం" అంటూ బడి అసెంబ్లీలో నిలబడ్డట్టు వరసగా నిలబడ్డారు. టమోటా సీజన్లో మండీ వదిలి ఒక పూట రావడమంటే మా వైపు మాటలు కాదు. వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే నేను కళ్ళు మూసుకుని, నా సమాధి దగ్గరికి ఎవరెవరు వస్తారా అని లెక్కపెట్టుకుంటున్నాను. అంగడిలో పనిచేసే ఇద్దరూ వస్తారు. సెలవిస్తే.

ఇక కారు సంగతి చెప్పాలి. అసలు కుళ్ళంతా అక్కడే ఉంది.

మా తాత పుంగనూరులో బాడుగ కారు నడిపేవాడు. స్వాతంత్ర్యానికి ముందటి మాట. మిషన్ ఆసుపత్రి దొరలనూ, దొరసానులనూ, కాన్పు కష్టమైన ఆడవాళ్ళనూ మదనపల్లెకు చేర్చేవాడు. ఆ కారు ఇంజను, బానెట్టు, ముందు సీటు విలాయతీవి. దాంట్లో అనుమానం లేదు, ఇనుము మీదే అచ్చు ఉంది. విచిత్రమంతా వెనక సగంలో ఉంది. చెక్క చట్రం మీద రేకు కొట్టిన పెట్టె లాంటి బాడీ. కోడిగుడ్డు ఆకారంలో కిటికీలు. తలుపు ఒకే పక్క. పైకప్పు పుచ్చిపోతే మా నాన్న కాలంలో మార్చారు కాబట్టి అసలు కప్పు ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. ఆ బాడీ ఏ పుస్తకంలో బొమ్మకూ సరిపోదు. చూసినవాళ్ళలో ఒకరు శవాల బండి అన్నారు, ఒకరు టపా బండి అన్నారు, ఇంకొకరు సినిమా ప్రచారం బండి అన్నారు. దానికి ఇంకో గుణం కూడా ఉంది. వెనక కూర్చున్నవాళ్ళు ఎవరైనా సరే, లావువాళ్ళైనా సన్నవాళ్ళైనా, ముందుకు జారతారు. బ్రేకు వేస్తే కాదు, ఊరికే కూర్చున్నా జారతారు.

తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి అన్నకు వచ్చింది ఆ కారు. అన్న పెద్దవాడు కదా. కారు పని తెలిసింది నాకు, కారు దక్కింది అన్నకు. మా అన్నకు క్లచ్చు ఏదో బ్రేకు ఏదో తొక్కితే గానీ తెలిసేది కాదు. అన్న పోయాక అది వదినదైంది. ప్రతి ఆదివారం నేను మదనపల్లె నుంచి పోయి, దాన్ని షెడ్డులోంచి తీసి, అందరినీ చర్చికి తోలి, మళ్ళీ తుడిచి లోపల పెట్టేవాణ్ణి. స్టార్టు చేయడానికి హ్యాండిలు తిప్పి తిప్పి నా భుజం పడిపోయేది. అప్పుడు ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి బానెట్టు మీద చెయ్యి పెట్టేది. ఆ తర్వాతి తిప్పుడుకు లేచేది. అంతకుముందు నేను తిప్పిన తిప్పుళ్ళ ఫలితం అది, ఇంజను సంగతి తెలిసినవాళ్ళను ఎవరినైనా అడగండి. వీధిలో వాళ్ళు మాత్రం టీచరమ్మ చెయ్యి పడితేనే ఆ కారు లేస్తాదని చెప్పుకునేవాళ్ళు.

నాకంటూ ఆ కారు మీద మిగిలింది ఒక్కటే, దాని కథ. అది లండన్ బాడీ అని నేను చెప్పేవాణ్ణి. మా తాత లండన్‌లో ఆర్డరిచ్చి, ఓడలో మద్రాసుకు తెప్పించాడని చెప్పేవాణ్ణి. అంగడికి వచ్చిన లారీ డ్రైవర్లకూ, ట్రాక్టరు ఓనర్లకూ, పిల్లనిచ్చిన మామకూ అదే చెప్పాను. జారుడు సంగతి ఎవరైనా అడిగితే, అక్కడ వానలెక్కువ కాబట్టి నీళ్ళు కారిపోవడానికి అలా కడతారని ముగించేవాణ్ణి. లోపల్లోపల మాత్రం అది ముందు స్ప్రింగుల లోపమని నా నమ్మకం. కమాన్లంటాం మేము, ఇనప పట్టీలు కట్టగా కట్టి ఉంటాయి. ముందు కమాన్లు కుంగాయని ఎన్నిసార్లు మార్చానో నాకే గుర్తులేదు. మార్చినప్పుడల్లా ఆదివారం వెనక సీట్లోంచి "జారతానే ఉండాము" అని వినబడేది. నలభై ఏళ్ళు స్పేర్ పార్టులమ్మినవాడికి ఇంతకన్నా అవమానం ఉండదు.

మా వదినకు రిటైరయ్యాక తీరిక దొరికింది. తీరిక దొరికితే ఆమె ఊరుకునే రకం కాదు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, వాకిట్లో కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఈ బాడీ కట్టిందెవరని నన్ను అడిగింది. లండన్ అన్నాను. ఎవరు చెప్పారంది. అందరూ చెప్తారన్నాను. "అందరికీ నువ్వే కదప్పా చెప్పింది" అంది. నవ్వలేదు. మామూలుగా అంది. అందుకే ఇంకా గట్టిగా తగిలింది. వానల సంగతి చెప్పాను. లండన్‌లో వాన నీళ్ళను డ్రైవరు కాళ్ళ మీదికి వదులుతారా అని అడిగింది.

ఆమె మాట ఒకటుంది, బడిలో కూడా అదే అనేదట. "ముందు కొలువు, ఆమీట మాట్లాడు." ఆ రోజు ఇంట్లోకి పోయి సగం నీళ్ళున్న ప్లాస్టిక్ సీసా తెచ్చి బానెట్టు మీద పడుకోబెట్టింది. లోపలి నీళ్ళు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మట్టంలో నిలిచాయి. కింద ఛాసిస్ ఇనప చట్రం మీద పెట్టింది, అక్కడా మట్టమే. వెనక పెట్టెలో నేల చెక్క మీద పడుకోబెట్టింది. నీళ్ళన్నీ ముందు చివరకు చేరాయి, వెనక చివర ఖాళీ. అంటే కారు వంగలేదు, కమాన్లు కుంగలేదు. నేల చెక్కనే ఏటవాలుగా కొట్టారు, కావాలనే కొట్టారు. ఆ సీసాను నేను చాలాసేపు చూశాను. ఇన్నేళ్ళూ మార్చిన కమాన్లన్నీ కళ్ళముందు కదిలాయి. ఒక నీళ్ళ సీసాతో తేలే పనికి నేను జాకీలు ఎత్తి, నడుము విరగ్గొట్టుకున్నాను.

సరే, కావాలనే కొట్టారనుకుందాం, ఎందుకు కొడతారు? అది ఆమెకూ తెలియలేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇక్కడన్నా ముందు నేనే చెప్పాలని రాత్రీ పగలూ అదే ధ్యాస. బెంగుళూరు పోయి పాత కార్ల బొమ్మల పుస్తకాలు తిరగేశాను. ఆమె బస్టాండులో, చర్చిలో, పాలకేంద్రం దగ్గర అడుగుతూ తిరిగింది. కనబడినప్పుడల్లా ఏమన్నా తెలిసిందా అని ఒకరినొకరం అడిగేవాళ్ళం. లేదనే మాట ఆమె నోట వింటే ఆ రోజు నాకు అన్నం సయించేది.

ఆ తర్వాత కుప్పం ప్రయాణం. ఆమె దగ్గర చదువుకున్న పిల్ల పెళ్ళి. ఈ పాతది కాదు, నా సొంత కారులో తీసుకుపోయాను. పెళ్ళి భోజనం అయ్యాక, గుడుపల్లె వైపు పోయే దారిలో టీ తాగుదామని ఆపాను. టీ అంగడి పక్కన ఒక పాత జట్కా పడి ఉంది. గుర్రం లేదు, కప్పు లేదు. దాని నొగలు, అంటే గుర్రాన్ని కట్టే రెండు పొడవు కర్రలు, నేలకు ఆనించి ఉన్నాయి. పైన ఎవరో చింతపండు ఎండబోశారు. నేను దాన్ని చూశాను. బాగా గుర్తుంది, టీ గ్లాసు పెట్టుకోవడానికి దాని చక్రం మీదే చోటు చూసుకున్నాను. నా కళ్ళు ఆ బండి మీదే ఉన్నాయి. నా మనసు మాత్రం టీలో చక్కెర ఎక్కువైందనే దగ్గర ఉంది.

ఆమె అటు చూసి, టీ పక్కన పెట్టి, అంగడి ఆమెను అడిగి చింతపండు ఒక పక్కకు నెట్టింది. సంచీలోంచి నీళ్ళ సీసా తీసి బండి నేల మీద పడుకోబెట్టింది. నన్ను పిలిచి నొగలు ఎత్తమంది. పెళ్ళి బట్టల్లో ఉన్నాను, ఇస్త్రీ చొక్కా. అయినా ఎత్తాను. మొదట నొగలను నేలకు సమంగా, మోకాళ్ళ పైకి పట్టుకోమంది. సీసాలో నీళ్ళు ముందు చివరకు చేరాయి, అచ్చం మా కారులో చేరినంతే. తర్వాత గుర్రం వీపు ఎత్తుకు లేపమంది. లేపాను. ఇంకొంచెమంది. లేపాను. నీళ్ళు మట్టానికి వచ్చి నిలబడ్డాయి.

జట్కా కట్టేవాళ్ళు నేల చెక్కను ముందుకు వాలుగా కొడతారు. గుర్రాన్ని కట్టి నొగలు పైకి లేస్తే, అప్పుడు నేల మట్టానికి వస్తుంది. తరాల తరబడి చేసిన పని, చెయ్యి దానంతటదే అలా పోతుంది. వాళ్ళకు మా తాత ఒక విలాయతీ ఛాసిస్ అప్పజెప్పి దీని మీద పెట్టె కట్టండని చెప్పి ఉంటాడు. కట్టారు. ఎప్పట్లాగే గుర్రం ఎత్తుకు వాలు వదిలి కట్టారు. గుర్రం ఎన్నటికీ రాదని మనసుకు తెలుసు, చేతికి తెలియలేదు.

నేను నొగలు భుజాన వేసుకుని, చెమటలు కారుతూ, ఇదంతా అప్పుడే నా బుర్రకు కూడా తడుతుండగా, ఆమె నావైపు చూసి ఆ మాట అంది.

"మన కారుకు ఇంగా గుర్రాన్ని కట్టలేదప్పా. కట్టేదాకా మనం జారతానే ఉండల్ల."

అంత అందంగా చెప్పాలా? నేను చెప్పి ఉంటే "వాలు తప్పుగా వేశారు" అని ఉండేవాణ్ణి. ఒకే బండి, ఒకే సీసా, ఒకే క్షణం. నొగలు మోసింది నేను, మాట ఆమెది. టీ అంగడి ఆమె కూడా నవ్వింది. తిరుగు దారిలో వి.కోట దాటేదాకా చొక్కా భుజం మీద నొగల మరక దులుపుకుంటూనే ఉన్నాను. ఆమె పక్క సీట్లో కునికిపాట్లు పడింది, పెళ్ళి తాంబూలం ఒళ్ళో పెట్టుకుని, హాయిగా.

పుంగనూరు చేరాక ఊరుకుందా? కొలత ఒకటి సరిపోతే చాలదు, రెండోది కావాలంది. పాత జట్కా పనివాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ పోయింది. వాళ్ళిప్పుడు తలుపులు, కిటికీలు చేస్తున్నారు. ఆ ఇంటి ముసలావిడ అడగ్గానే చెప్పేసిందట. ఒక మోటారుకు పెట్టె కట్టినామనీ, ఎక్కినవాళ్ళంతా తిట్టినారనీ, ఆ మాట ఎత్తితే చాలు, దాన్ని కట్టిన తన మామకు కోపం వచ్చేదనీ చెప్పిందట. మా వదిన ఆమెను ఆదివారం కారులో ఎక్కించింది. ఆమె జారింది. జారి, మామను తలుచుకుని అంతలా నవ్వింది, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేను ముందు కూర్చుని కారు తోలుతున్నాను. లండన్ ఆ రోజు మా ఇంట్లోంచి పోయింది.

ఇంత చేసి ఆమె గొప్ప తన మీద వేసుకుందా అంటే, అదీ లేదు. చర్చిలో, బంధువుల్లో, ఎవరడిగినా "మా మరిది గుర్రమైతేనే తెలిసింది" అని చెప్పింది. నాకు వాటా ఇచ్చానని ఆమె ఉద్దేశం. నా వాటా గుర్రం! నెల తిరిగేసరికి మదనపల్లె దాకా పాకింది. పార్టుల కోసం వచ్చినవాళ్ళు నన్ను చూసి మూతి బిగించుకుని నవ్వు ఆపుకునేవాళ్ళు. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా చేసింది, అదీ నా బాధ.

చివరికి నేనొక మాటన్నాను. కారణం తెలిసింది కదా, నేల చెక్క ఊడదీసి మట్టంగా కొట్టిస్తాను, ఒక్క రోజు పని అన్నాను. జారుడు ఆగితే అది నా పని అని చెప్పుకోవచ్చు, ఆ ఆశ. ఆమె ఒప్పుకోలేదు. కారు వాళ్ళ చేత్తో అలా అయ్యింది, తుడిపేయడానికి మనమెవరం అంది. తన రబ్బరు లెక్క ఇక్కడికీ తెచ్చింది. వాదించాను. మోకాళ్ళ నొప్పితో నువ్వే కదా జారేది అన్నాను. "జారనీలే అప్పా, యాడికి పోతాను? నువ్వుండావు కదా ముందర" అంది. చెక్క జోలికి పోలేదు.

పాత కార్ల మీద పుస్తకం వేస్తున్న ఒక పెద్దాయన బెంగుళూరులో ఉన్నాడని తెలిసి ఆమే ఫోన్ చేసింది. విచిత్రమైన బాడీ ఒకటి ఉంది, వచ్చి చూడండని పిలిచింది. సంగతి మాత్రం చెప్పలేదు, ఆయన్ను కూడా కొలిపించాలని. శనివారం వస్తానన్నాడాయన. బుధవారం ఆమె పోయింది. ఆయనకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

శనివారం మధ్యాహ్నం, ఇంటి నిండా పరామర్శకు వచ్చినవాళ్ళు ఉండగా, వాకిట్లో ఆయన కారు ఆగింది. సంగతి విని పాపం నొచ్చుకుని వెనక్కి తిరగబోయాడు. అన్న కూతురు నా దగ్గరికి వచ్చి, "అమ్మ పిలిపించింది చిన్నాయనా, నువ్వే సూపించు" అని షెడ్డు తాళం నా చేతిలో పెట్టింది. ఆదివారం తీసుకుని ఆదివారమే తిరిగిచ్చే తాళం అది, నా చేతిలోనే ఉండిపోవాలని ఎన్నేళ్ళు ఎదురుచూశానో. వచ్చింది. ఇలా వచ్చింది.

ఆయన కళ్ళద్దాలు సవరించుకుని బాడీ అంతా చేత్తో తడిమాడు. కిటికీల చుట్టూ చెక్కపని చూసి తల ఊపాడు. ఇంత నునుపైన పని ఇక్కడిది కాదండీ, విలాయతీ బాడీనే అయ్యుంటుంది, లండన్ కావచ్చు, మీ ఇంట్లో ఏమని చెప్పుకుంటారు అని అడిగాడు.

వినండి. నేను జీవితమంతా అన్న మాట, అన్నీ తెలిసిన మనిషి నోట, నేను అడగకుండానే వచ్చింది. కాదనే మనిషి మట్టి కింద ఉంది, సమాధి మీద పూలు ఇంకా పూర్తిగా వాడలేదు. అవునండీ అంటే చాలు. లండన్ అని పుస్తకంలో అచ్చవుతుంది, పక్కన నా పేరు పడుతుంది. నా గుర్రం పేరు పోతుంది. నోరు తెరిచాను కూడా. నేనేమీ సాధువును కాదు.

ఇంతలో ఆయన తలుపు తీసి వెనక సీట్లోకి ఎక్కాడు. కూర్చున్నాడు. జారాడు. సర్దుకుని, ముందు స్ప్రింగులు వీకైనట్టున్నాయి సార్, మార్పించండి అన్నాడు.

నా తప్పును ఇంకొకడి నోట, అంత ధీమాగా వినడం భరించలేకపోయాను. "స్ప్రింగులు కాదు. దిగండి" అన్నాను, కొంచెం గట్టిగానే. ఇంట్లోకి పోయి సీసాలో సగం నీళ్ళు పట్టుకొచ్చాను. బానెట్టు మీద పడుకోబెట్టాను, చట్రం మీద పెట్టాను, నేల చెక్క మీద పెట్టాను. జట్కా గురించి, నొగల గురించి, పుంగనూరు పనివాళ్ళ చేతి అలవాటు గురించి చెప్పాను. ముసలావిడ మామకు వచ్చే కోపం గురించీ చెప్పాను. ఈ కారుకు ఇంకా గుర్రాన్ని కట్టలేదు అని కూడా అన్నాను. ఆ మాట నా నోట్లో కూడా బాగానే ఉంది.

ఇన్నేళ్ళలో ఇలాంటిది వినలేదన్నాడాయన. తర్వాత కలం తీసి, ఇది కనిపెట్టింది ఎవరని అడిగాడు.

"మా వదిన" అన్నాను.

ఆమె పేరు అడిగి రాసుకున్నాడు. ఇంటిపేరు అడిగాడు. ఏ బడిలో చేసింది, ఏం చెప్పేది అని అడిగాడు. ఫోటో ఉంటే పంపమన్నాడు. నాకు నమస్కారం పెట్టి, కారెక్కి పోయాడు. నా పేరు అడగలేదు.

షెడ్డు మూయడానికి పోయాను. వెనక తలుపు ఆయన తీసింది తీసినట్టే ఉంది. వేయబోతూ లోపలికి చూస్తే, ముందు సీటు వీపు మీద, పైఅంచుకు కాస్త కింద, తోలు నల్లగా మెరుస్తోంది. మొదట గ్రీజు అనుకున్నాను. కాదు. వెనక కూర్చుని జారినవాళ్ళంతా ఆపుకోవడానికి అరచేతులు ఆనించిన చోటు. మా అవ్వ, మా అమ్మ, మా అన్న, కాన్పుకు పోయిన ఆడవాళ్ళు, చివరగా ఇన్ని ఆదివారాలు ఆమె. ఇన్నేళ్ళు ఆ సీటుకు ముందు వైపు కూర్చున్నవాణ్ణి, తుడిచేటప్పుడు కూడా వెనక వైపు ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. చిన్నప్పుడు డ్రైవరు పక్కన, పెద్దయ్యాక డ్రైవరు సీట్లో. ఆ నల్లటి చోటులో లేని చెయ్యి మా ఇంట్లో నాదొక్కటే.

ఎక్కి కూర్చున్నాను. జారాను. చెయ్యి ఆనించడానికి చోటు చూసుకున్నాను. ఎక్కడ పెట్టబోయినా అది ముందే ఎవరిదో అయ్యుంది, తోలు అరిగి, నున్నబడి. నా బరువుకు నేను ఇంకా ముందుకు జారుతూనే ఉన్నాను.

"కొంచెం జరుగు వదినా" అన్నాను.